ఐదు సెంటీమీటర్ల నీళ్లు

గీసుకొండ మలుపు కాడ నాది పంచరు దుకాణం.
నాకు నీళ్లు చదువొస్తయి.
ట్యూబుల గాలి కొట్టి, తొట్టిల ముంచి తిప్పుతుంటె
బుడగ లేసిన కాడ పొక్క ఉన్నట్టు.
బండోడు అబద్ధమాడొచ్చు,
"నిన్ననే ఏసిన్నే అతుకు" అనొచ్చు,
బుడగ ఆడదు.
పదహారేండ్ల సంది బుడగంటె నాకు పగ.
కనవడంగనే బొటనేలు పెట్టి మూసుడే.

యాకలక్ష్మికి ఏడో నెలల్నే నొప్పులొచ్చినయి.
పదకొండు వందల యాభై గ్రాములు.
జోకుడు తప్పిందేమో అన్న.
నా దుకాణంల లారీ పానా
అంతకన్న బరువుంటది.
పేరు లేదు ఇంక.
కాయితం మీద "బేబీ ఆఫ్ యాకలక్ష్మి."

ఆరు రోజులు మిషినే పీల్చింది, మిషినే ఇడిచింది.
గొంతుల గొట్టం.
ఏడిస్తె సప్పుడు రాదు,
మొకం ఒక్కటే ఏడుస్తది.
అద్దం ఇవతల నిలవడి
ఆ సప్పుడు లేని ఏడుపును
నేను చెవులతోటి చూసేటోణ్ని.

ఏడో నాడు సులోచన సిస్టరు
"గొట్టం తీస్తున్నం" అన్నది.
తీస్తె?
"ఇగ తనే పీల్చుకోవాలె. మనం కొంచెం ఆసరా."
ఆసరా అంటె మా అమ్మకొచ్చే పింఛనే ఎరుక నాకు.

ముక్కుల రెండు చిన్న గొట్టాలు,
అగ్గిపుల్లంత గూడ లేవు.
నెత్తికి ఊలు టోపి, దానికి కట్టిన దారాలు.
పైపు ఒక కొస బిడ్డ కాడ,
ఇంకో కొస సీసల నీళ్లల్ల.
సీసకు స్కేలు అంటించిన్రు.
"ఐదు సెంటీమీటర్ల లోతు" అన్నది సిస్టరు.
"ఊపిరి ఇడిసినంక లోపల తిత్తి
ముడుసుకపోకుండ గీ నీళ్లే పట్టుకుంటయి.
పొంగినంత సేపు మంచిదే."

బుడబుడ బుడబుడ.
నాకు కాళ్లు వణికినయి.
బుడగల్ని చూసి నవ్వుమంటె ఎట్ల?

ఆగితె, సిస్టర్?
"ఆగితెనే ఎక్కన్నో గాలి పోతున్నట్టు.
నోరు తెరిసిందో, ముక్కు కాడ జారిందో."

నా విద్యంత బోర్లేసినట్టయింది.

అప్పుడప్పుడు ఊపిరి తీసుడే మర్చిపోతది.
కడుపుల్నే ఉన్న అనుకుంటదట ఇంక.
కాఫీల ఉండే మందే ఇస్తున్నరు, మర్చిపోకుండ.
అయినా మర్చిపోతది.
సిస్టరు అరికాలు మీద ఏలుతోని టక్కుమనిపిస్తది,
గుర్తొస్తది,
పక్కటెముకలు లోపలికి పోయి మళ్ల లేస్తయి.
మా అమ్మకు ఇది చెప్పలే నేను.

పదో రాత్రి అంగి ఇప్పమన్నరు.
మూడు మాట్ల సబ్బు పెట్టినా
గోర్ల సందుల నలుపు పోలే.
"చేతులు కాదు, రొమ్ము కావాలె" అన్నది సిస్టరు,
పైపులతోనే తెచ్చి పండవెట్టింది నా మీద.
బరువే తెల్వలే. ఎచ్చగ ఉన్నదని తెలిసింది.
నేను బిడ్డను చూడలే.
సీసనే చూస్తున్న.

ఆగినయి.

నేను నోరు తెరిసెటాల్లకే ఆమె చెయ్యి వచ్చింది.
రెండేండ్లతోని గదుమ పైకి లేపింది,
ముక్కు కాడ సదిరింది.
బుడ. బుడ. బుడబుడబుడ.
నా నోట్లకెల్లి "సొల్యూషన్" అని ఎళ్లిందంట.
ఆ వార్డుల సిస్టరు నవ్వుడు
అదే మొదటిసారి చూసుడు నేను.

పన్నెండో నాడు పైసలైపోయి దుకాణం తెరిసిన.
ఊకల్ దిక్కు పోయే పిలగాడు, సైకిలు, ఎనక చక్రం.
ట్యూబు నీళ్లల్ల ముంచి తిప్పిన.
లేసినయి, సన్నగ, ఒకదాని ఎనక ఒకటి.

"దొర్కిందిగదనే, మూయవేంది?" అన్నడు పిలగాడు.

ఉండు తమ్మీ,
కొంచెం పొంగనియ్యి.